రాయవేలూరులో విచ్చుకున్న చేతులు

ఈ శతజయంతి సంచికలో దేవాలయముల నిర్మాణమును గూర్చి, బడులను గూర్చి, తొలి బోధకులను గూర్చి పలువురు పెద్దలు వ్రాస్తున్నారు. మేము చేతి వేళ్ళను గూర్చి వ్రాయబూనుకొన్నాము. ఈ మాట విని మిత్రులు కొందరు నవ్వారు. సంచిక సంపాదకులు మాత్రము ఓపికగా విని, వ్రాయమన్నారు. వారికి మా వందనములు.

మేము ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణమున్నది. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. ప్రభు సంస్కారపు వేళ బల్ల యొద్ద మోకరించి, అందరివలెనే రెండు చేతులు దోసిలిగా పడతారు. ఆ దోసిలిలో ఏడు వేళ్ళు ముడుచుకొని ఉంటాయి, రెండు బొటనవ్రేళ్ళు ప్రక్కన ఉంటాయి, ఎడమచేతి చిటికెన వ్రేలు ఒక్కటి మాత్రము నిటారుగా నిలబడి ఉంటుంది. ముప్పది ఏండ్ల క్రిందట వరికోతలలో కొడవలి తగిలింది. ఊరిలో కట్టు కట్టేవారు తోలు కలిపి కుట్టారు. పది రోజులకు గాయము మానింది. వ్రేలు వంగలేదు. "నరము తెగింది, ఇక రాదు" అన్నారట. ఆయన నమ్మారు, ఊరకున్నారు. ఆ వ్రేలు అడ్డముగా నిలిచినందువలన పార కర్ర పట్టుటకు, పంచె ముడి వేయుటకు పడిన ఇబ్బంది ఆయనకే తెలుసు.

ఆ రోజున ఆయనకు ఎవరైనా రెండు మాటలు చెప్పియుంటే ఆ వ్రేలు నేడు వంగేదేమో! ఆ రెండు మాటలు తెలిసికొనుటకు మానవులకు సుమారు రెండువేల ఏండ్లు పట్టింది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము మన ఇంటి ప్రక్కనే, మనవారు రాయవేలూరు అని పిలుచుకొనే వేలూరులో వ్రాయబడింది. ఆ అధ్యాయమే ఈ వ్యాసమునకు ఆధారము.

వ్రేలిలో కండ లేదు

పాఠకులు ఒకసారి తమ కుడిచేతిని బల్లపై వెల్లకిలా పెట్టి, వ్రేళ్ళను మెల్లగా ముడిచి తెరవవలెనని కోరుచున్నాము. అలా చేస్తూ ఎడమచేతితో ముంజేతిని పట్టి చూడండి. ముంజేతిలో కండలు కదులుతాయి. వ్రేళ్ళను వంచే కండలు, చాపే పెద్ద కండలు వ్రేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. కొయ్యబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనుక నిలబడి దారములు లాగినట్లు, ఆ కండలు దూరమునుండి తాళ్ళతో వ్రేళ్ళను ఆడిస్తాయి. ఈ తాళ్ళనే వైద్యులు టెండన్లు అంటారు. పూర్వ గ్రంథములలో స్నాయువు అనే మాట ఉన్నది. మేము ఈ వ్యాసములో స్నాయువు అనే వాడుకొంటాము.

బొటనవ్రేలు తప్ప ప్రతి వ్రేలిని వంచుటకు రెండేసి స్నాయువులున్నాయి. పైది నడిమి ఎముకకు అంటుకొంటుంది. లోపలిది కొన ఎముక వరకు పోతుంది. చిత్రమేమంటే, పైది మధ్యలో రెండుగా చీలి, లోపలిదానికి దారి ఇస్తుంది. ఈ రెండును కలిసి ఒక సన్నని తొడుగులో, సైకిలు బ్రేకు తీగ దాని గొట్టములో జారినట్లు జారుతాయి. ఆ తొడుగును ఎముకకు అంటిపెట్టి ఉంచుటకు అక్కడక్కడ గట్టి ఉంగరములవంటివి ఉన్నాయి. బావి గిలక మీదుగా చేద తాడు పోయినట్లు స్నాయువు వాటి క్రిందుగా పోతుంది. ఈ ఉంగరములు లేకపోతే వ్రేలు వంచినపుడు స్నాయువు విల్లునుండి నారివలె పైకి లేచిపోతుంది.

ఇంత ఇరుకైన చోట రెండు తాళ్ళు రాపిడి లేకుండా జారడము సృష్టికర్త పనితనము. గాయపడితే బాగుచేయుట కష్టమగుటకు కారణము కూడ అదే. తెగిన కొనలను కలిపి కుట్టితే అతుకుతాయి. అయితే కొనలు అతుక్కొనేటప్పుడే, అదే మచ్చతో తొడుగుకు కూడ అంటుకొనిపోతాయి. తాడు బాగున్నా జారదు. జారని తాడు తెగిన తాడుతో సమానము.

అన్నీ నరములే

మన పల్లెలలో నెత్తురు పారే గొట్టమును నరమే అంటారు, స్పర్శ తెలిపే తంతువును నరమే అంటారు, కండను ఎముకకు కలిపే తాడును కూడ నరమే అంటారు. మనవారిని చూచి నవ్వవలసిన పని లేదు. ప్రాచీన గ్రీకులదీ ఇదే కథ. వారి భాషలో తాడుకు, స్పర్శ తంతువుకు ఒకే మాట ఉండేది. మాట ఒకటైనందువలన వైద్యము చెడింది. క్రీస్తు తరువాత 2వ శతాబ్దములో గాలెన్ అనే గొప్ప వైద్యుడుండెను. గ్లాడియేటర్ల పోరాటములలో గాయపడిన వీరులకు చికిత్స చేసి అనుభవము గడించినవాడు. స్నాయువులలో స్పర్శ తంతువులు కలిసి ఉంటాయి గనుక సూదితో గుచ్చితే మూర్ఛలు వస్తాయని ఆయన పేరిట నడిచిన బోధ ఐరోపాను వందల ఏండ్లు పాలించింది. తెగిన స్నాయువును కుట్టుటకు వైద్యులు భయపడ్డారు.

మన దేశములో సుశ్రుత సంహిత శరీరములో 900 స్నాయువులున్నవని లెక్కించింది. పలకలను త్రాళ్ళతో బిగించి కట్టిన పడవ బరువు మోసినట్లు, స్నాయువులతో కట్టబడిన దేహము బరువు మోస్తుందని పోల్చింది. అరబ్బు, పారశీక దేశములలో ప్రఖ్యాతి పొందిన ఇబ్న్ సీనా (980–1037) తెగిన స్నాయువును కుట్టవచ్చునని వ్రాశారు. ఐరోపాలో గాలెన్ భయము పూర్తిగా పోవుటకు 18వ శతాబ్దము రావలసి వచ్చింది. ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు స్నాయువును గుచ్చినా నొప్పి తెలియదని పరీక్షలు చేసి చూపారు.

భయము పోయింది గాని ఫలితము రాలేదు. అరచేతి పైగీత మొదలుకొని వ్రేలి నడిమి ఎముక మధ్యవరకు గల భాగములో స్నాయువు తెగితే, కుట్టినవారికెల్ల బిగుసుకొనిపోయిన వ్రేలే మిగిలింది. అమెరికాలో ఆధునిక హస్త శస్త్రవైద్యమునకు పితామహుడని పేరొందిన స్టెర్లింగ్ బనెల్ ఆ భాగమునకు "ఎవరికీ చెందని నేల" అని పేరు పెట్టారు. యుద్ధములో రెండు సైన్యముల నడుమ ఎవరూ అడుగుపెట్టలేని చోటును ఆంగ్లేయులు అలా పిలిచేవారు. తెగిన వెంటనే అక్కడ కుట్టవద్దు, తోలు మాత్రము మూసి గాయము మాననివ్వండి, తరువాత వేరొక చోటినుండి స్నాయువును తెచ్చి అతకండి అని ఆయన బోధించారు. ఆయన వ్రాసిన హస్త శస్త్రచికిత్స గ్రంథము 1944లో వెలువడింది. రెండవ ప్రపంచ యుద్ధములో చేతులు చితికిన సైనికులు వేలకొలది ఉండిన కాలమది. ఆ గ్రంథము సముద్రములు దాటి ఎందరో యువ వైద్యుల చేతికి వచ్చింది. రాయవేలూరుకు వచ్చిన ఒక యువ వైద్యుడు కూడ అందులోని పద్ధతులనే ఆధారము చేసికొన్నారు.

తాపీ పట్టిన వైద్యుడు

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళదేశములోని కొల్లి కొండలలో జన్మించారు. తండ్రి జెస్సీ బ్రాండ్‌గారు, తల్లి ఎవెలిన్‌గారు అక్కడ మిషనెరీలు. బాలుడు చదువుకై ఇంగ్లండుకు పోయినపుడు తండ్రి 1929లో జ్వరముతో కొండలలోనే మరణించారు. తండ్రివలె ఇండ్లు కట్టు పని నేర్వవలెనని పాల్ కొన్ని ఏండ్లు వడ్రంగము, తాపీపని నేర్చుకొన్నారు. తరువాతనే వైద్యమువైపు తిరిగారు. లండనుపై బాంబులు పడిన రోజులలో శస్త్రవైద్యము అభ్యసించారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్‌గారు ఒక్క మంచముతో ప్రారంభించిన పరిచర్యయే ఆ కళాశాలగా ఎదిగినదని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చిత్తూరు సరిహద్దుకు కొద్ది దూరములోనే ఉన్న ఆ ఊరి ఆసుపత్రి వరండాలలో తెలుగు మాట ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది.

1947లో కుష్ఠువ్యాధి నిపుణులైన డాక్టర్ రాబర్ట్ కాక్రేన్‌గారు చెంగల్పట్టులోని తమ కుష్ఠు ఆసుపత్రిని చూడ రమ్మని బ్రాండ్‌గారిని పిలిచారు. అక్కడ వందలాది రోగుల వ్రేళ్ళు గ్రద్ద కాలివలె ముడుచుకొనిపోయి ఉన్నాయి. ఎముకల వైద్యుడైన బ్రాండ్‌గారు ఇది ఎందువలన అని అడిగారు. ఎముకల వైద్యులెవ్వరూ ఇంతవరకు ఈ రోగుల చేతులను పట్టించుకోలేదు, మీరే చెప్పవలెనని కాక్రేన్‌గారు బదులిచ్చారు. బ్రాండ్‌గారు ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి, బలముకొద్దీ నొక్కమన్నారు. వంకరపోయిన ఆ చేయి బలహీనముగా ఉంటుందనుకొన్నారు. ఆ పట్టుకు ఆయన నొప్పితో ఉలిక్కిపడ్డారు. ఆ నొప్పిలోనే ఆయనకు సమాధానము కనబడింది. ముంజేతిలోని కండలు సజీవముగా ఉన్నాయి!

తరువాత నెలల తరబడి పరీక్షలు సాగాయి. మరణించిన రోగుల దేహములలో స్పర్శ నరములు ఎక్కడెక్కడ ఉబ్బి చెడిపోయాయో వెదికారు. చర్మమునకు దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల, అనగా మోచేతి వద్ద, మణికట్టు పైన, మోకాలి ప్రక్కన, చీలమండ వద్ద చెడుతున్నాయని తేలింది. మోచేతికి పైభాగముననే నరము అందుకొనే కండలు బాగున్నాయి. అరచేతిలోపలనున్న చిన్న కండలు చచ్చుబడ్డాయి. పెద్ద కండలు లాగుతున్నాయి, చిన్న కండలు అదుపు చేయలేకున్నాయి. అందుచేతనే వ్రేళ్ళు ముడుచుకొనుచున్నాయి.

ఇక ఉపాయము రైతుకు తెలిసినదే. ఒక కాలువ ఎండిపోతే ప్రక్క కాలువకు మడవ తిప్పి నీరు పెడతాము. వ్రేలిని వంచుటకు రెండు స్నాయువులున్నవని చెప్పుకొన్నాము గదా! అందులో పైదానిని విడదీసి, చీల్చి, వ్రేళ్ళ ప్రక్కలనుండి పైకి మళ్ళించి కుట్టితే, చచ్చిన చిన్న కండ పని అది చేస్తుంది. ఇతర దేశములలో పోలియో, యుద్ధగాయములకు వాడిన ఈ పద్ధతిని బ్రాండ్‌గారు కుష్ఠు చేతికి వాడారు. తరువాత మణికట్టును వెనుకకు లేపే కండను తీసికొని, కాలినుండి తెచ్చిన సన్నని స్నాయువుతో దానిని పొడిగించి, నాలుగు పాయలుగా చీల్చి నాలుగు వ్రేళ్ళకు కుట్టే పద్ధతిని ఆయన రూపొందించారు. నేటికిని ఆ పద్ధతి ఆయన పేరుతోనే వాడుకలో ఉన్నది.

ఈ పని ఆరంభించునపుడు ఎదురైన అభ్యంతరములు తక్కువ కావు. కుష్ఠురోగి మాంసము చెడ్డది, కోస్తే మానదని లోకము నమ్మింది. సాధారణ ఆసుపత్రులలో వారికి మంచము దొరకుటయే కష్టము. బ్రాండ్‌గారు కోసిన గాయములు అందరి గాయములవలెనే మానాయి. చెడ్డ మాంసమన్నది లోకము వేసిన నింద అని దానితో తేలింది.

కత్తి చేసినది సగము పని

ఇచ్చట వైద్యులు గాని వారు ఎక్కువగా మరచే సంగతి ఒకటి ఉన్నది. స్నాయువు దారి మార్చిన తరువాత మెదడుకు ఆ సంగతి తెలియదు. మణికట్టును లేపే కండ ఇప్పుడు వ్రేళ్ళను నడుపవలెను. రోగి మణికట్టును లేపాలని తలచుకొంటే వ్రేళ్ళు కదులుతాయి. పిండికట్టు విప్పిన తరువాత వారములకొలది, రోజుకు ఎన్నోమార్లు, వ్యాయామ చికిత్సకుల ఎదుట కూర్చొని, పసిబిడ్డ ముద్ద పట్టుట నేర్చినట్లు నేర్చుకోవలెను. ఆ ఓపిక లేనిచోట ఎంత గొప్ప శస్త్రచికిత్సయైనను వ్యర్థమే. వేలూరులో వ్యాయామ చికిత్సకు శస్త్రచికిత్సతో సమానమైన స్థానమిచ్చారు. నేడు ఏ హస్త వైద్యశాలలో చూచినను ఇదే పద్ధతి.

రెండవ సంగతి ఇంకను లోతైనది. కుష్ఠువ్యాధిలో వ్రేళ్ళు కుళ్ళి రాలిపోతాయని మన పెద్దలు నమ్మారు, మనమును నమ్మాము. బ్రాండ్‌గారు ఒకసారి నిప్పులలో పడిన దుంపను ఒక ముదుసలి రోగి వట్టి చేతితో తీసి ఇచ్చుట చూచారు. మరొకసారి తనకు తిరుగని తుప్పు తాళమును ఒక బాలుడు సునాయాసముగా తిప్పగా, నేలపై రక్తపు చుక్కలు పడుట చూచారు. తాళపుచెవి వ్రేలిని ఎముక వరకు కోసింది, బాలునికి తెలియలేదు. అప్పటినుండి ఆయన రోగుల చేతులపై ప్రతి గాయమునకు లెక్క వ్రాయించారు. బీడీ కాల్చిన గాయము, వేడి గిన్నె కాల్చిన గాయము, పారకర్ర మేకు గీసిన గాయము, ఇట్లు ప్రతిదానికి కారణము దొరికింది. రాత్రి పడుకొన్నపుడు ఎలుకలు కొరికిన గాయములు కూడ ఉన్నవని తెలిసి రోగులకు పిల్లులను ఇచ్చారు. వ్రేళ్ళను వ్యాధి తినుట లేదు. నొప్పి అనే కావలివాడు లేని ఇంటిలో దొంగలు పడుచున్నారు. నొప్పి దేవుడిచ్చిన వరమని బ్రాండ్‌గారు జీవితాంతము బోధించుటకు మూలమిదే.

బిచ్చమునకు పనికిరాని చేతులు

మా వ్యాసములో ముఖ్యమైన భాగమునకు వచ్చాము. శస్త్రచికిత్స పొంది, వ్రేళ్ళు విచ్చుకొని, సంతోషముతో ఇంటికి పోయిన తొలి రోగులలో ఒక యువకుడు కొంతకాలమునకు చిక్కిపోయి తిరిగి వచ్చాడు. అతడు చదువుకొన్నవాడు. "ఈ చేతులు మంచివి కావు డాక్టరుగారూ, బిచ్చమెత్తుటకు పనికిరావు" అన్నాడట. ముందు వంకర వ్రేళ్ళు చూచి జాలితో బిచ్చము వేసేవారు. ఇప్పుడు వ్రేళ్ళు బాగున్నాయి గనుక బిచ్చము లేదు, కుష్ఠురోగి గనుక పని లేదు, తలదాచుకొనుటకు ఇల్లు లేదు.

ఈ మాట విన్న వైద్యుడు తన పని అయిపోయినదని చేతులు కడుగుకొని ఉండవచ్చును. బ్రాండ్‌గారు చిన్ననాడు నేర్చిన వడ్రంగమును గుర్తుచేసికొన్నారు. కళాశాల ఆవరణలో చిన్న చిన్న గుడిసెలవంటి ఇండ్లు లేచాయి. దానికి నవజీవన కేంద్రము అని పేరు పెట్టారు. అచ్చట శస్త్రచికిత్స పొందినవారు ఉండి, కొయ్య బొమ్మలు, ఇతర వస్తువులు చేయుట నేర్చుకొన్నారు. స్పర్శలేని వ్రేళ్ళకు గాయము కాకుండ పనిముట్ల పిడులు మార్చారు. సుత్తి ఎంత గట్టిగా పట్టుచున్నామో నొప్పి చెప్పదు గనుక కన్ను చెప్పవలెను. రోజూ సాయంత్రము చేతులను తిప్పి చూచుకొనవలెను. ఇది ఆ కేంద్రపు నియమము.

1952లో లండనులోని రాజ శస్త్రవైద్య కళాశాలలో బ్రాండ్‌గారు ఈ పనిని గూర్చి హంటేరియన్ ఉపన్యాసమిచ్చారు. 1955లో వేలూరు సమీపమున కరిగిరిలో షీఫెలిన్ కుష్ఠు పరిశోధన ఆసుపత్రి ప్రారంభమైనది. అక్కడ ఎర్నెస్ట్ ఫ్రిట్చి మొదలైన వైద్యులు ఈ శస్త్రచికిత్సలను ఇంకను మెరుగుపరచి దేశమంతటినుండి వచ్చిన వారికి నేర్పారు. 1960లో బ్రాండ్‌గారికి లాస్కర్ పురస్కారము లభించింది. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళారు. 2003లో పరమపదించారు.

చక్రముల కుర్చీలోని వైద్యురాలు

ఈ కథలో మరియొక పేరు తలంపక తప్పదు. డాక్టర్ మేరీ వర్గీస్‌గారు కేరళదేశమునకు చెందిన యువ వైద్యురాలు. 1954లో ప్రయాణములో వాహనము బోల్తాపడి వెన్నెముక దెబ్బతిన్నది. నడుము క్రింది భాగము చచ్చుబడింది. శస్త్రవైద్యురాలు కావలెనన్న ఆశ అంతటితో ముగిసినదని ఆమె అనుకొన్నారు. హస్త శస్త్రచికిత్స కూర్చొని చేయదగిన పని అని బ్రాండ్‌గారు ఆమెకు చెప్పారు. ఆమె చక్రముల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. కదలని కాళ్ళు గల వైద్యురాలు కదలని వ్రేళ్ళను కదిలించారు. ఆమె ఎదుట తన కష్టము గొప్పదని చెప్పగల రోగి ఎవరుంటారు? తరువాత విదేశములలో పునరావాస వైద్యము అభ్యసించి, 1963లో వేలూరులో ఆ శాఖకు అధిపతియయ్యారు. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదునిచ్చింది. 1986లో ఆమె మరణించారు.

మన తెలుగునేలపై

కుష్ఠురోగుల పరిచర్య మన తెలుగునేలకు క్రొత్త కాదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్‌గారు 1915లో స్థాపించిన విక్టోరియా ఆసుపత్రి దేశమంతట పేరుపొందింది. దానికి సహాయము చేసినవారు రాజా నర్సాగౌడ్‌గారు అనే హిందూ దాత. మిషనెరీల ప్రార్థన, స్థానిక దాత ధర్మము కలిసి ఆ గోడలు లేపినవని మరువరాదు. గోదావరి తీరమున రామచంద్రపురములోను, ఉత్తరాన సాలూరులోను మిషను కుష్ఠు ఆసుపత్రులు వెలిశాయి.

ఆ తొలి రోజులలో ఇవ్వదగిన మందు చాల్‌మోగ్రా జాతి నూనె మాత్రమే. సూదితో ఎక్కించేవారు, నొప్పి హెచ్చు, గుణము తక్కువ. 1940ల నుండి డాప్సోన్ జాతి మందులు వచ్చాయి. 1982 నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్స వచ్చి, నెలలలోనే క్రిములను చంపుట సాధ్యమైంది. 2005 ముగియునాటికి దేశములో పదివేలమందికి ఒక్కరికన్న తక్కువ రోగులున్న స్థితి వచ్చింది. అయినను నేటికిని ఏటేట దేశములో లక్ష అటు ఇటుగా క్రొత్త రోగులు బయటపడుచున్నారు. మందు క్రిమిని చంపుతుంది. ఆలస్యమువలన చచ్చిన నరమును మందు లేపలేదు. అట్టివారికి నేటికిని స్నాయువు మార్పిడియే శరణ్యము. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము మాత్రము మన పుస్తకములనుండి 2016 వరకు పోలేదు.

కుష్ఠు చేతులనుండి నేర్చిన పాఠము ఆ రోగులతోనే ఆగిపోలేదు. మధుమేహమువలన పాదములలో స్పర్శ పోయినవారికి పుండుపై ఒత్తిడి పడకుండ పిండికట్టు వేయు పద్ధతిని బ్రాండ్‌గారు అమెరికాలో ప్రచారము చేశారు. లోకములోని ధనవంతుల పాదములు మన బీదవారి చేతులకు ఋణపడి ఉన్నాయి.

ఆ రెండు మాటలు

బనెల్‌గారు ఎవ్వరికీ చెందదన్న ఆ నేల ఏమయినదని పాఠకులు అడుగవచ్చును. 1967లో అమెరికాలోని లూయీవిల్‌కు చెందిన హారొల్డ్ క్లైనర్ట్‌గారు, వారి సహచరులు ఆ భాగములోనే తెగిన వెంటనే కుట్టి, వ్రేలిని కట్టివేయక, గోరుకు రబ్బరు పట్టీ తగిలించి తొలి రోజులనుండి మెల్లగా కదిలించి మంచి ఫలితములు చూపారు. తోటివారు మొదట నమ్మలేదు. తరువాత ప్రపంచమంతయు ఆ దారినే పట్టింది. జారుచున్న తాడు అంటుకొనదు. ఇంత చిన్న సత్యమునకు ఇన్ని ఏండ్లు పట్టింది.

ఇప్పుడు మా పెద్దాయనకు ఆ దినమున చెప్పవలసిన రెండు మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది, తోలు మానినంత మాత్రమున వ్రేలు మానినట్లు కాదు. కొడవలి గాని, కత్తిపీట గాని, గాజుపెంకు గాని, చొప్ప కోసే యంత్రము గాని వ్రేలిపై పడితే, గాయము ఎంత చిన్నదైనను, రక్తము ఆగిన తరువాత వ్రేలి ప్రతి కణుపును విడివిడిగా వంచి, చాచి చూడవలెను. నడిమి కణుపును పట్టుకొని కొన వంగుచున్నదా అని చూడవలెను. కొనలో స్పర్శ ఉన్నదా అని చూడవలెను. ఏది లేకున్నను స్నాయువుగాని, నరముగాని తెగినదని గ్రహించి, చేతి శస్త్రచికిత్స తెలిసిన వైద్యుని వద్దకు ఆలస్యము లేక పోవలెను. మొదటి కొద్ది రోజులలో కొనలను కలిపి కుట్టుట సులభము. వారములు గడిచినకొలది పైకొన ముడుచుకొని అరచేతిలోనికి పోతుంది, అప్పుడు పని పెద్దదగును. బంతి తగిలి వ్రేలి కొన క్రిందికి వాలిపోతే అది పైవైపు స్నాయువు తెగిన గుర్తు. అట్టిదానికి తరచుగా కోత అక్కరలేదు. కొన చాపి ఉంచే చిన్న కట్టును ఆరు, ఎనిమిది వారములు ఒక్క క్షణము వంచకుండ ఉంచుకొంటే చాలు. మధ్యలో ఒకసారి వంచితే లెక్క మొదటినుండి మొదలు.

రెండవది, శస్త్రచికిత్స అయిన తరువాత పని రోగిది. సుమారు ఆరు వారములు కట్టు ఉంటుంది. ఆ కాలములో చికిత్సకులు చెప్పినంత కదిలించవలెను, అంతకు మించరాదు. బరువు పనికి సుమారు మూడు నెలలు ఆగవలెను. ఇది కూలిమీద బ్రతికేవారికి చాల కష్టము. మూడు నెలల కూలి పోతుందని భయపడి కట్టు విప్పి కోతకు పోయినవారిని మేమెరుగుదుము. కుట్టు తెగి, వ్రేలు మరల పోయింది. ఇక్కడనే సంఘమునకు పని ఉన్నదని మా మనవి. వైద్యుని ఖర్చుకు చందాలు వేయు సంఘములున్నాయి. ఆ మూడు నెలల బియ్యమునకు చందా వేయు సంఘములు కావలెను. రాయవేలూరు యువకుడు తిరిగివచ్చి చెప్పిన మాట ఇదే గదా! చేయి బాగుపడుట ఒక పని, ఆ చేతికి కూడు దొరకుట మరియొక పని. రెండవది లేనిచో మొదటిది నిలువదు.

ఊచచేయి గలవాని వృత్తాంతము సువార్తలలో చదువుచున్నాము. ఆ స్వస్థత సమాజమందిరములో, అందరి ఎదుట, ఆ మనుష్యుని నడుమ నిలువబెట్టి జరిగింది. ఒంటరిగా పంపివేయబడినవారిని నడుమకు పిలిచినప్పుడే స్వస్థత సంపూర్ణమని మాకు తోచుచున్నది.

మా పెద్దాయన వ్రేలు ఇక వంగదేమో. ఆయన మొన్న ఈ వ్యాసమును చదివించుకొని విని, "మా మనుమడు ఇప్పుడు కోత మిషను నడుపుచున్నాడు, ఈ కాగితము వాడికి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాము. ఈ సంచిక చేతబట్టిన పాఠకులు కూడ తమ ఇండ్లలో పనిచేయు చేతులకు ఈ రెండు మాటలు చేరవేయవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.